ఫ్యాన్ వణుకుతుంటే హార్డ్ డిస్కు పోతుందా? ఇలా చూసుకోండి, ఇలా సరిచేసుకోండి

“ఫ్యాన్ గుర్రుమంటంది బాబూ, డిస్కు పోతాదేటి?” విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, కంప్యూటర్ రిపేరు షాపులో కాసేపు కూర్చుంటే ఈ ప్రశ్న చెవిన పడుతుంది. అడిగేవాళ్లలో ఫొటో స్టూడియోల వాళ్లే ఎక్కువ. వాళ్ల టెన్షన్‌లో న్యాయం ఉంది. ఫ్యాన్ పోతే కొన్ని వందల రూపాయలతో తేలిపోతుంది. డిస్కు పోతే ఎవరి పెళ్లి వీడియోనో పోతుంది.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇంట్లో, షాపులో వాడే మామూలు కంప్యూటర్‌లో ఒక్క ఫ్యాన్ వణుకు వల్లే బాగున్న డిస్కు పాడవడం చాలా అరుదు. వణుకు గట్టిగా ఉంటే డిస్కు నెమ్మదిస్తుంది. అంతకంటే ముఖ్యం, గోల చేసే ఫ్యాన్ త్వరలో ఆగిపోయే ఫ్యాన్. అది ఆగితే వచ్చే వేడి వణుకు కంటే పెద్ద శత్రువు. కాబట్టి గోల తగ్గించడానికి ఫ్యాన్ వైరు పీకేసి కూర్చోకండి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. చాలా డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీ చెప్పే పై హద్దు 60 డిగ్రీలు. మూసిన క్యాబినెట్‌లో గాలి ఆడకపోతే ఆ హద్దు దగ్గరకు పోవడం ఎంతసేపు?

లోపల జరిగేది కొంచెం తెలిస్తే కింద చెప్పే పనులన్నీ ఎందుకో మీకే అర్థమవుతుంది. హార్డ్ డిస్కులో పలకలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటి మీద చదివే హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లలో ఉంటుంది. సమాచారం రాసే గీతలు, అంటే ట్రాకులు, ఒక్క అంగుళంలో లక్షల కొద్దీ ఉంటాయి. వణుకు వల్ల హెడ్ ట్రాకు మీంచి కాస్త పక్కకు జరిగితే డిస్కు వెంటనే పని ఆపి, పలక ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. 7200 డిస్కులో ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైచిలుకు. ఒకసారైతే మనకు తెలియదు. సెకనుకు పదులసార్లు జరిగితే ఫైలు కాపీ పల్లెవెలుగు బస్సులా ఆగి ఆగి నడుస్తుంది. చదవడంలో తప్పితే మళ్లీ చదువుకోవచ్చు, రాయడంలో తప్పితే పక్క ట్రాకులో ఉన్నది చెరిగిపోతుంది. అందుకే రాసేటప్పుడు డిస్కు ఇంకా జాగ్రత్తగా ఉంటుంది. వణుకు ఉన్న కంప్యూటర్‌లో మొదట నెమ్మదించేది రాయడమే.

ఇంకో సంగతి ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. అన్ని వణుకులూ ఒకటి కావు. మన క్యాబినెట్ వెనక ఉండే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 1200 సార్లు తిరుగుతుందనుకుందాం. అంటే సెకనుకు 20 సార్లు. ఇంత నెమ్మది ఊపును డిస్కు తన హెడ్‌ను దానితో పాటు కదిలించి సర్దుకోగలదు. సర్దుకోలేనిది సెకనుకు వందల నుంచి వేల సార్లు వచ్చే సన్నటి కంపనం. సర్వర్లలో ఉండే 40 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్లు నిమిషానికి 10000 దాటి తిరుగుతాయి. వాటి రెక్కలు కోసే గాలి మోత సరిగ్గా ఆ వరసలోకి వస్తుంది. హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ సర్వరు కొని తెచ్చుకున్న వాళ్లుంటే ఈ వ్యాసం మీకే ఎక్కువ పనికొస్తుంది.

శబ్దం కూడా వణుకే. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ నడుస్తున్న డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచి చూపించారు. అరిచిన క్షణంలోనే డిస్కుల ఆలస్యం గ్రాఫులో పైకి లేచింది. 2016లో రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో ఒక బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే గ్యాసును పరీక్షకు వదిలితే, ఆ గ్యాసు బయటికి దూసుకొచ్చిన మోతకే పెద్ద సంఖ్యలో డిస్కులు దెబ్బతిన్నాయి. బ్యాంకు సేవలు గంటల తరబడి ఆగిపోయాయి. అంటే వణుకుతో డిస్కు పాడవడం ఉన్న మాటే. కానీ దానికి ఆ స్థాయి మోత కావాలి, ఇంటి ఫ్యాన్ చాలదు.

ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు కాపీ తీయండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేయండి. వేరే డిస్కు అంటే అదే కంప్యూటర్‌లోని డి డ్రైవ్ కాదు. సీ, డి, ఇ అన్నీ చాలాసార్లు ఒకే డిస్కు ముక్కలు. పోతే అన్నీ కలిసే పోతాయి.

2. అసలు తిరిగే డిస్కు ఉందా?

విండోస్ 10 లేదా 11 అయితే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. డిస్కు పేరు కింద హెచ్‌డీడీ (తిరిగే హార్డ్ డిస్కు) అనో ఎస్‌ఎస్‌డీ (చిప్పుల డిస్కు) అనో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే దానిలో కదిలే భాగం లేదు, వణుకుతో దానికి పనిలేదు. ఫ్యాన్ సంగతి ఒక్కటి చూసుకుంటే చాలు, 5వ అంకెకు వెళ్లిపోండి.

3. గోల ఎక్కడిదో పట్టుకోండి

ఇక్కడ తొందరపడకండి. ఫ్యాన్ అనుకుని ఫ్యాన్ మార్చాక, గోల డిస్కుదేనని తేలడం మామూలే.

పక్క డోరు విప్పి కంప్యూటర్ ఆన్ చేయండి. బైకు మెకానిక్కులు ఇంజిన్ వినే పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది. పొడుగు స్క్రూడ్రైవర్ పిడి చెవి దగ్గర పెట్టుకుని, మొనను ఫ్యాన్ చట్రానికి, తర్వాత డిస్కు పక్క అంచుకు, తర్వాత క్యాబినెట్ రేకుకు మెల్లగా ఆనించండి. రెక్కల్లోకి పోనివ్వకండి, మదర్‌బోర్డుకు, డిస్కు కింది సర్క్యూట్‌కు తగలనివ్వకండి. ఎక్కడ గట్టిగా వినబడితే అక్కడే మూలం. స్క్రూడ్రైవర్‌తో చేయి వణుకుతుందనుకుంటే వద్దు, అరచేతిని రేకుకు ఆనించినా సగం తెలుస్తుంది. రేకును నొక్కగానే గోల ఆగిపోతే ఫ్యాన్ తప్పు కాదు, డోరు స్క్రూలు వదులు.

చప్పుడు రకమూ చెబుతుంది. చలికాలం పొద్దున్నే ఆన్ చేయగానే గర్రుమని, అయిదు నిమిషాలకు సర్దుకుంటే ఫ్యాన్ బేరింగ్‌లో నూనె ఎండిపోయింది. ఊ...ఊ... అంటూ మోత పెరుగుతూ తగ్గుతూ ఉంటే రెండు ఫ్యాన్లు దాదాపు ఒకే వేగంతో తిరుగుతున్నాయి. ఒకటి 1200, ఒకటి 1230 అనుకోండి, ప్రతి రెండు సెకన్లకోసారి రెండింటి ఊపూ కలిసి మోత పెరుగుతుంది. పాడైందేమీ లేదు, బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల పేజీలో, ఒకదాని వేగం మార్చితే పోతుంది. టక్... టక్... టక్ అని లయగా కొట్టుకుంటే మాత్రం అది హార్డ్ డిస్కు, హెడ్ తన దారి దొరక్క కొట్టుకుంటోంది. కాపీ ఇంకా తీయకపోతే వెంటనే ఆపేయండి. పదేపదే ఆన్ చేసి “ఇప్పుడొస్తుందేమో” అని చూడొద్దు. అందులో విలువైనది ఉంటే డేటా రికవరీ వాళ్ల చేతికే ఇవ్వండి.

4. డిస్కు ఆరోగ్యం చదవండి

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. డిస్కు తన గురించి తాను రాసుకునే లెక్కలను, అంటే స్మార్ట్ సమాచారాన్ని, అది చూపిస్తుంది. అంకెలు మొదట హెక్సాలో, అంటే పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో, వస్తాయి, సెట్టింగుల్లో రా వాల్యూస్‌ను మామూలు దశాంశ లెక్కకు మార్చుకోండి. లేకపోతే 10 అని ఉన్నది నిజానికి 16 అవుతుంది.

చూడాల్సినవి నాలుగైదే. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, అంటే డిస్కు మీది చిన్న చిన్న గళ్లు. సీ5 అంటే చదవడం కష్టమై, ఏం చేయాలో ఇంకా తేల్చని సెక్టార్లు. సీ6 అంటే చదవలేక వదిలేసినవి. ఈ మూడూ సున్నా ఉండాలి. ఏదో ఒకటి వారం వారం పెరుగుతుంటే ఫ్యాన్ మార్చినా లాభం లేదు, డిస్కు మార్చే టైమొచ్చింది. సీ7 పెరిగితే సాధారణంగా డిస్కు తప్పు కాదు, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ తప్పు. వణుకు వల్ల కేబుల్ వదులై ఈ అంకె పెరిగే సందర్భాలున్నాయి, కేబుల్ మార్చి చూడండి. ఈ అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు. కొన్ని డిస్కుల్లో, ముఖ్యంగా ల్యాప్‌టాప్ డిస్కుల్లో, బీఎఫ్ అనే వరస కుదుపులను లెక్కపెడుతుంది. 01, 07 వరసల్లో (చదవడంలో, హెడ్ కదలికలో తప్పుల లెక్క) సీగేట్ కంపెనీ డిస్కులకు కోట్లలో అంకెలు కనబడతాయి. అది వాళ్ల లెక్కించే పద్ధతి, చూసి గుండె జారిపోనక్కర్లేదు.

వణుకే కారణమా అని తేల్చాలంటే ఒక పరీక్ష ఉంది. ముందు డిస్కులో చదివే, రాసే వేగం క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే ఇంకో ప్రోగ్రాంతో కొలవండి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి క్యాబినెట్ ఫ్యాన్ వేగం బాగా తగ్గించి మళ్లీ కొలవండి. ప్రాసెసర్ మీది ఫ్యాన్ జోలికి పోవద్దు. రెండుసార్లూ ఒకేలా ఉంటే వణుకు మీ డిస్కును ఏమీ చేయడం లేదు. ఫ్యాన్ వేగం పెంచినప్పుడల్లా రాసే వేగం బాగా పడిపోతుంటే దొంగ దొరికినట్టే. ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పకండి, వెనక విండోస్ అప్‌డేట్ నడుస్తున్నా అంకెలు పడిపోతాయి.

5. ఫ్యాన్ పని పట్టండి

ఫ్యాన్ వణకడానికి మొదటి కారణం దుమ్ము. రెక్కలన్నిటికీ సమానంగా పడితే వణకదు, ఒక రెక్కకు ఎక్కువ పట్టి బరువు ఒక పక్కకు లాగితేనే వణుకుతుంది. మన జిల్లాల్లో ఈ దుమ్ము కూడా ఊరికో రకం. టెక్కలి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల దగ్గర రాతి పొడి. జూట్ మిల్లుల పక్క ఇళ్లల్లో గోగునార పీచు, ఇది రెక్కలకే కాదు ఇరుసుకూ చుట్టుకుంటుంది. పలాసలో జీడి బట్టీల పక్కనైతే జిడ్డు పొర. రాతి పొడి, పీచు బ్రష్షుకు వస్తాయి. జిడ్డుకు బ్రష్షు చాలదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో రెక్క రెక్కా తుడవాలి.

కరెంటు ప్లగ్ పీకేసి మొదలుపెట్టండి. గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోండి. వదిలేస్తే గాలికి మామూలు కంటే చాలా వేగంగా తిరిగి బేరింగ్ అరుగుతుంది. సీపీయూ డబ్బాను పంక్చరు షాపుకు తీసుకెళ్లి గాలి కొట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కంప్రెసర్ గాలిలో నీటి తుంపర, నూనె కూడా వస్తాయి. చేతి బ్లోయర్ వాడండి, అదీ లేకపోతే మెత్తటి పెయింట్ బ్రష్షు చాలు.

తుడిచాక ఫ్యాన్‌ను వేలితో తిప్పి వదలండి. మెల్లగా తిరిగి ఆగితే బాగుంది. ఠక్కున ఆగితే, ఇరుసు అటూ ఇటూ ఊగితే బేరింగ్ అరిగింది. స్లీవ్ బేరింగ్ ఫ్యాన్ అయితే మధ్య స్టిక్కర్ ఎత్తి, కింద మూత ఉంటే తీసి, రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేయొచ్చు. కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. నూనె వేసిన ఫ్యాన్‌ను కొత్త ఫ్యాన్ వచ్చేదాకా నడిచే ఫ్యాన్‌గానే చూడండి. ఊగే ఇరుసును నూనె బాగుచేయదు.

కొత్తది కొనేటప్పుడు పాతదాని కొలత, పిన్నుల సంఖ్య చూసి తీసుకెళ్లండి. నాలుగు పిన్నులదైతే బోర్డు వేగాన్ని బాగా అదుపులో ఉంచగలదు. రంగు లైట్లకు పెట్టే డబ్బు ఫ్లూయిడ్ బేరింగ్‌కు పెట్టండి. బిగించేటప్పుడు స్క్రూల బదులు సిలికాన్ పిన్నులు దొరికితే అవి వాడండి, ఫ్యాన్ ఊపు రేకులోకి దిగదు. దొరకకపోతే ఫ్యాన్‌కూ రేకుకూ మధ్య నాలుగు మూలలా పల్చటి రబ్బరు ముక్కలు పెట్టినా పని జరుగుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు బ్రహ్మాండంగా సరిపోతాయి.

6. డిస్కును గట్టిగా బిగించండి

ఇక్కడ చాలామంది తిరగేసి చేస్తారు. రబ్బరు ఫ్యాన్‌కు పెట్టాలి, డిస్కుకు గట్టి బిగింపు కావాలి. డిస్కును స్పాంజి మీద ఊరికే పడుకోబెట్టడం, రబ్బరు బ్యాండ్లతో వేలాడదీయడం చూస్తుంటాం. లోపల హెడ్ ఒక పక్కకు విసురుగా కదిలినప్పుడు డిస్కు ఒళ్లంతా రెండో పక్కకు తిరగబోతుంది. గట్టిగా బిగించి ఉంటే క్యాబినెట్ బరువు దాన్ని ఆపుతుంది. వదులుగా ఉంటే డిస్కు తన కదలికకు తానే వణికి, తన ట్రాకు తానే తప్పుతుంది. ఒకే చోట రెండు మూడు డిస్కులుంటే ఒకదాని ఊపు ఇంకోదానికి తగులుతుంది. అలాంటి చోట నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) కోసం చేసిన డిస్కులు కొనండి. వాటిలో చాలావాటికి ఈ మెలితిప్పే వణుకును పసిగట్టి హెడ్‌ను సర్దే సెన్సార్లుంటాయి. క్యాబినెట్‌తో పాటు వచ్చిన రబ్బరు వాషర్లుంటే ఉంచండి, వాటిని లెక్కేసి చేసిన బిగింపే అది.

మూడున్నర అంగుళాల డిస్కుకు రెండు పక్కలా కలిపి నాలుగు స్క్రూలు వేయండి. మన దగ్గర అసెంబుల్ చేసిన డబ్బాల్లో ఒక పక్క రెండు వేసి వదిలేస్తారు. ఈ డిస్కు స్క్రూ మర లావుగా ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ స్క్రూ మర సన్నం. ఒకటి ఇంకోదాంట్లో బలవంతంగా దించితే మర పోతుంది. మూత మీద చిన్న గాలి రంధ్రం ఉంటే దాని మీద స్టిక్కర్ వేయొద్దు.

ఈ పనంతా కంప్యూటర్ ఆపాక అర నిమిషం ఆగి చేయండి, పలకలు పూర్తిగా నిలవాలి. కుదుపును జీల్లో, అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్లో, కొలుస్తారు. తిరుగుతున్న డిస్కు తట్టుకునే కుదుపు పదుల జీల్లో ఉంటుంది, ఆగిన డిస్కుది వందల జీల్లో. నడుస్తున్న సీపీయూను కాలితో జరిపే అలవాటుంటే ఫ్యాన్‌ను తిట్టే హక్కు మనకు లేదు.

7. కంప్యూటర్ ఎక్కడ ఉందో చూడండి

వణుకు బయటి నుంచీ వస్తుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరం వీధుల్లో సౌండ్ బాక్సులకు షట్టర్లు అదురుతుంటే, ఆ పక్క స్టూడియోలో ఎడిటింగ్ నడుస్తుంటుంది. అలాంటి గంటల్లో పెద్ద ఫైళ్ల కాపీ, ఎక్స్‌పోర్ట్ పెట్టకండి. స్పీకర్, సబ్‌వూఫర్ సీపీయూ డబ్బా మీద పెట్టడం కూడా ఇదే లెక్క. తుపాను తర్వాత, 2018లో తిత్లీకి పలాస వైపు చూసినట్టు, రోజుల తరబడి జనరేటర్‌తో నడపాల్సి వస్తే జనరేటర్ ఉన్న గచ్చు మీద కంప్యూటర్ ఉంచకండి. మధ్యలో యూపీఎస్ తప్పనిసరి. కరెంటు హఠాత్తుగా పోతే డిస్కు తిరుగుతున్న పలకల ఊపుతోనే కాస్త కరెంటు పుట్టించుకుని హెడ్‌ను పక్కకు చేర్చుకుంటుంది. ఆ క్షణంలో రాస్తున్న ఫైలు మాత్రం సగంలో ఆగిపోతుంది.

నా లెక్కలో, మన వైపు అన్నిటికంటే ఎక్కువ వణుకు తినేవి సీసీ కెమెరాల డీవీఆర్‌లు, అంటే వీడియో రికార్డు చేసే డబ్బాలు. రోజంతా రాస్తూనే ఉంటాయి, ఎవరూ మూత తీసి చూడరు. షాపుల్లో వీటిని రోలింగ్ షట్టర్ పక్క గోడకు బిగిస్తారు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి షట్టర్ ధడేలుమని పడుతుంది, డిస్కు అప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. రైసు మిల్లుల్లోనైతే మర ఆడే గోడకే డీవీఆర్ వేలాడుతుంది, పైన తవుడు పొర. డీవీఆర్‌ను షట్టర్‌కు, మరకు దూరంగా లోపలి గది గోడకు మార్చండి. మార్చలేకపోతే కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేసి బల్ల మీద పెట్టండి, గాలి రంధ్రాలు మూసుకోకుండా చూడండి. లోపలి బుల్లి ఫ్యాన్ గోల మొదలుపెట్టగానే మార్చేయండి. డిస్కు మార్చేటప్పుడు సర్వైలెన్స్ రకమే వేయించండి, పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్కు వేస్తామంటే ఒప్పుకోకండి.

అన్నీ చేశాక ఒక నెల ఆగి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మళ్లీ తెరవండి. 05, సీ5, సీ6 సున్నాల్లోనే ఉండి, ఉష్ణోగ్రత 45 డిగ్రీల లోపు ఉంటే మీ డిస్కును దాని మానాన వదిలేయండి. సీ5 కదిలిందంటే కొత్త డిస్కుకు ఆర్డరిచ్చి, అది వచ్చేదాకా పాతదానిలో కొత్త షూట్లేవీ దించకండి.